ఈఆర్సీ విచారణకు వెళ్లేముందు

చిరంజీవి సౌజన్యకు,
పెదనాన్న ఆశీస్సులు.

డిస్కం (మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థ) టారిఫ్ ప్రతిపాదనల మీద, అంటే కరెంటు రేట్ల మీద, ఈఆర్సీ (రేట్లు ఖరారు చేసే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) ముందు మాట్లాడాలని నువ్వు పూనుకోవడం సంతోషం. బొగ్గు కరెంటు తగ్గాలి, సోలారు పెరగాలి అన్న కోరిక ఎంత న్యాయమైనదైనా, ఉత్త కోరికగా చెబితే కమిషన్ దాన్ని విని పక్కన పెడుతుంది. అది దాదాపు కోర్టే. కాగితం మీది అంకె, చట్టంలోని సెక్షన్, ఈ రెంటి మీదే నీ మాట నిలబడాలి.

ముందు తారీఖులు. డిస్కంలు వచ్చే ఏటి ఏఆర్ఆర్‌ను, అంటే ఖర్చు ఎంత, రాబడి ఎంత అన్న లెక్కను, మామూలుగా నవంబరు 30లోగా కమిషన్‌కు ఇవ్వాలి. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం దాని సారాంశం ప్రకటించాలి. దరఖాస్తు అందిన 120 రోజుల్లో, ప్రజల సూచనలూ అభ్యంతరాలూ పరిశీలించాకే ఉత్తర్వు రావాలి. అభ్యంతరాల గడువు పత్రికా ప్రకటనలోనే ఉంటుంది. అయితే ఆ ప్రకటనతో ఆగకు. వెబ్‌సైటులో పెట్టిన పూర్తి ప్రతిపాదన దించుకో. సారాంశంలో స్లాబుల రేట్లు కనిపిస్తాయి కానీ, ఆ రేట్లు ఎందుకు అంతయ్యాయో కనిపించదు.

వందల పేజీలు చూసి బెదరకు. విద్యుత్ కొనుగోలు పట్టిక తెరువు. డిస్కం ఖర్చులో దాదాపు మూడొంతులు అక్కడే పోతుంది. ఒక్కో కేంద్రం ఎదుట ఎన్ని యూనిట్లు, స్థిర చార్జీ (కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా కట్టేది) ఎంత, చర చార్జీ (తీసుకున్న యూనిట్లకే కట్టేది) ఎంత అని ఉంటుంది. స్థిర చార్జీ దగ్గర ఆగు, అసలు సంగతి అక్కడుంది. ఉదాహరణకు 100 మెగావాట్ల బొగ్గు కేంద్రం 85 శాతం లభ్యతతో ఏడాదికి 74.46 కోట్ల యూనిట్లు ఇవ్వగలదు. యూనిట్‌కు 2 రూపాయల స్థిర చార్జీ అనుకుంటే ఏడాదికి సుమారు 149 కోట్లు. డిమాండ్ లేక పూర్తి సామర్థ్యంలో 60 శాతమే తీసుకున్నా, కేంద్రం సిద్ధంగా ఉన్నంతకాలం ఆ 149 కోట్లూ కట్టాల్సిందే. అప్పుడు వాడిన ప్రతి యూనిట్ మీదా స్థిర భారం 2.83 రూపాయలవుతుంది. ‘సోలారు వల్ల భారం’ అని డిస్కం రాసిన చోట, బ్యాక్‌డౌన్ చేసిన, అంటే ఉత్పత్తి తగ్గించమన్న, బొగ్గు కేంద్రాలకు కట్టిన స్థిర చార్జీలను కేంద్రాలవారీగా ఇమ్మని అడుగు.

ఇంతకన్నా ముఖ్యమైనది పీపీఏ, అంటే ఉత్పత్తి కేంద్రంతో డిస్కం చేసుకునే కరెంటు కొనుగోలు ఒప్పందం. 25 ఏళ్ల ఒప్పందం ఒకసారి ఆమోదం పొందితే, తర్వాత టారిఫ్ విచారణల్లో ఎంత వాదించినా ‘అది ఎప్పుడో ఆమోదించాం’ అనే జవాబే వస్తుంది. అదే చట్టం 86(1)(బి) సెక్షన్ కింద కొనుగోలును పరిశీలించే అధికారం కమిషన్‌దే. పీపీఏ పిటిషన్లు టారిఫ్‌తో కలవకుండా విడిగా, ఏడాదిలో ఎప్పుడైనా వస్తాయి. వాటి మీద అభిప్రాయాలకు ఇచ్చే గడువు తక్కువ. అందుకే కమిషన్ వెబ్‌సైటు వారానికోసారి చూడాలి. చాలామంది టారిఫ్ విచారణకు వస్తారు, దీన్ని వదిలేస్తారు. నన్నడిగితే రెంటిలో ఒకటే చేయగలిగితే పీపీఏనే ఎంచుకోమంటాను.

కొత్త బొగ్గు ఒప్పందానికి సమర్థనగా డిమాండ్ అంచనా చూపిస్తారు. గత ఐదేళ్లలో ప్రతి ఏటా ఆమోదించిన అమ్మకాలూ, ట్రూ అప్ పిటిషన్లలో (అంచనాను అసలు లెక్కతో సరిచూసేవి) తేలిన అసలు అమ్మకాలూ పక్కపక్కన రాసి చూడు. అంచనా ఏటా పెంచి చూపినట్టు తేలితే, ఆ పట్టిక ఒక్కటే పది పేజీల వాదనతో సమానం.

డిస్కం ఇంజనీర్లు ‘సాయంత్రం ఏడింటికి సోలారు ఏది?’ అంటారు. అది నిజమే, కాదనకు. గంటలవారీ లోడు వివరాలు అడిగి, వ్యవసాయ ఫీడర్లను (పొలాలకు కరెంటిచ్చే లైన్లను) పగటికి మార్చాలనీ, పగటి రేటు తగ్గించాలనీ, నిల్వ సామర్థ్యానికి టెండర్లు పిలవాలనీ కోరు. వ్యవసాయేతర వినియోగదారులకు సోలారు గంటల్లో రేటు మామూలు రేటుకన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలని 2023 కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి.

పునరుత్పాదక కొనుగోలు బాధ్యత, అంటే కరెంటులో ఇంత శాతం సోలారు, గాలి లాంటి వాటి నుంచే ఉండాలన్న నియమం, దాని సంగతీ అంతే. 2023 అక్టోబరు కేంద్ర నోటిఫికేషన్ 2024-25కి 29.91 శాతంతో మొదలై 2029-30కి 43.33 శాతానికి వెళ్తుంది. కమిషన్ సొంత నిబంధనలోని శాతం కూడా చూసి, రెండూ ఉటంకించు. లోటుంటే ఎన్ని యూనిట్లో లెక్కగట్టి రాయి.

అభ్యంతరం వేయడానికి లాయరు అక్కర్లేదు. రెండు మూడు పేజీలు చాలు. ఒక్కో పేరాలో ప్రతిపాదన పేజీ నంబరు, అందులోని అంకె, దానిలో తప్పేమిటి, కమిషన్ ఏమని ఆదేశించాలి అన్నవి వరసగా ఉండాలి. ‘సౌరశక్తిని ప్రోత్సహించాలి’ అని రాస్తే ఉత్తర్వులో ఒక వాక్యంతో సరిపెడతారు. ‘ఫలానా కేంద్రం నుంచి స్వల్పకాలిక కొనుగోలును అనుమతించవద్దు, ఆ యూనిట్లను పగటి సోలారుతో తీర్చే ప్రణాళికను మూడు నెలల్లో దాఖలు చేయించాలి’ అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. ఒక ప్రతి డిస్కంకు ఇచ్చి, అందినట్టు రసీదు కమిషన్ ప్రతికి జతచెయ్యి. స్వయంగా మాట్లాడతానని అందులోనే రాయాలి, ఇది మరిచిపోతే విచారణలో పిలుపు రాకపోవచ్చు. మీ ఇంటి బిల్లు ఫిర్యాదును ఇందులో కలపకు, దానికి వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక వేరే ఉంది.

డిస్కం రాతపూర్వకంగా జవాబిస్తుంది. ‘పరిశీలిస్తున్నాం’ అన్న పేరాలకు గుర్తు పెట్టుకో. మాట్లాడే సమయం కొద్ది నిమిషాలే, రాసింది మళ్లీ చదవకుండా ఆ దాటేసిన ప్రశ్నలే అడుగు. కోపం వచ్చినా గొంతు పెంచకు. నోట్ చేసుకునేవాళ్లకు అంకె వినిపించాలి.

ఉత్తర్వు వచ్చాక నీ అభ్యంతరం మీద కమిషన్ అభిప్రాయం ఏం రాసిందో వెతుకు. అసలు ప్రస్తావించకపోతే సమీక్ష కోరవచ్చు. అప్పీలుకు వెళ్లాలంటే 111వ సెక్షన్ కింద ఢిల్లీలోని విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు 45 రోజుల గడువు, దీనికి మాత్రం లాయరును పెట్టుకో. డిస్కంకు ఇచ్చిన ఆదేశాలు ఉత్తర్వులో విడిగా ఉంటాయి. వాటిలో నీకు పనికొచ్చేవి తేదీతో సహా రాసిపెట్టుకో. వచ్చే ఏటి అభ్యంతరంలో మొదటి పేరా వాటి అమలు గురించే ఉండాలి.

ఇట్లు,
పెదనాన్న