చూపు తిరిగొచ్చింది సరే, మాట ఎందుకు తడబడింది?

ప్రశ్న: నా వయసు 54. మల్కాజిగిరిలో ఉంటాను. ఎనిమిదేళ్లుగా బీపీ, షుగర్‌లకు మాత్రలు వాడుతున్నాను. మూడు వారాల క్రితం వేడినీళ్ల స్నానం ముగించి పీట మీద నుంచి లేవగానే చెవుల్లో హోరు మొదలైంది. తల తిరిగింది, కళ్లు బైర్లు కమ్మి ఏమీ కనిపించలేదు. రెండు నిమిషాల్లో సర్దుకుంది. మెడికల్ షాపులో చెబితే మాత్రలు ఇచ్చారు. గత ఆదివారం కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే మళ్లీ అలాగే వచ్చి ఐదారు నిమిషాలు ఉంది. అప్పుడు నా మాట ముద్దగా వచ్చిందని మా ఆవిడ అంటోంది, నాకు గుర్తు లేదు. ఇప్పుడు బాగానే ఉన్నాను. కళ్లజోడు నంబరు మారిందా? లేక చెవి డాక్టర్‌కు చూపించుకోవాలా?
- ఒక పాఠకుడు

జవాబు: మీరు రెండు ప్రశ్నలు అడిగారు. నేను మాత్రం మీ శ్రీమతి చెప్పిన మాట దగ్గరే ఆగిపోయాను. ఇది చదవగానే ఆస్పత్రికి బయలుదేరండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

మొదటిసారి వచ్చినదాన్ని నేను అంతగా పట్టించుకునేవాడిని కాదు. వేడినీళ్లకు ఒంట్లో రక్తనాళాలు సడలుతాయి. పైగా మీరు బీపీ మాత్రల మీద ఉన్నారు. అలాంటప్పుడు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి, చెవుల్లో హోరెత్తి, కళ్ల ముందు చీకటి కమ్మడం మేము తరచుగా చూసేదే. ప్రోస్టేట్ మాత్రలు కూడా వేసుకుంటుంటే ఇంకా ఎక్కువ. కానీ రెండోసారి మీరు లేవలేదు, కూర్చునే ఉన్నారు. మాట కూడా ముద్దగా వచ్చింది. దీన్ని బీపీ పడిపోయిందిలే అని సరిపెట్టుకోలేం.

మెడ వెనుక భాగం నుంచి రెండు రక్తనాళాలు పైకి వెళ్లి పుర్రెలో ఒక్కటవుతాయి. చిన్న మెదడుకూ, లోపలి చెవికీ, తల వెనుక భాగంలో చూపును గ్రహించే చోటుకూ రక్తం ఎక్కువగా ఆ దారినే అందుతుంది. అక్కడ కాసేపు అడ్డు పడితే చూపు, చెవి, తూలు, మాట అన్నీ ఒకేసారి దెబ్బతినవచ్చు. అడ్డు తొలగితే అన్నీ తిరిగి వస్తాయి. మేము టీఐఏ అంటాం, జనం మినీ స్ట్రోక్ అంటారు. మీకు వచ్చింది కచ్చితంగా అదేనని చూడకుండా చెప్పలేను, చెప్పకూడదు కూడా. కాదని తేలేవరకు మాత్రం అదే అనుకుని నడుచుకోవాలి. ఇలా వచ్చిపోయిన తర్వాత అసలు పక్షవాతం వచ్చే ప్రమాదం మొదటి 48 గంటల్లో అన్నిటికంటే ఎక్కువ. ఆ రెండు రోజులూ మీరు ఇంట్లోనే గడిపేశారు. ప్రమాదం అంతటితో తీరిపోయిందనుకోకండి.

ఇక ఆ మాత్రలు. పేరు రాయలేదు. రాయలేరు కూడా, ఎందుకంటే షాపులో స్ట్రిప్పు నుంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. నా టేబుల్ మీద ఇలాంటి వెండి రేకు ముక్కలు వారానికి పది పోగవుతాయి. వెనక్కి తిప్పితే సగం అక్షరాలు, సగం తేదీ. ఏ మందో కనిపెట్టడానికే నాకు ఐదు నిమిషాలు పడుతుంది. తల తిరగడానికి ఇచ్చే మందుల్లో కొన్ని మత్తు కలిగిస్తాయి, కొన్ని బీపీని ఇంకా దించుతాయి. నెలల తరబడి వాడితే పెద్దవయసు వారికి చేతులు వణకడం, నడక నెమ్మదించడం కూడా చూశాను. వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేది మరొకటి. మాత్ర వేసుకున్నాక తగ్గింది కాబట్టి మాత్ర వల్లే తగ్గిందని నమ్ముతారు. మీది రెండు నిమిషాల్లో తగ్గింది. షాపుకు వెళ్లేసరికే పోయినదాన్ని ఆ మాత్ర ఏం తగ్గించినట్టు? దాన్ని ఆపండి. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి, పెంచకండి. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ కూడా మొదలుపెట్టకండి. మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాకే ఆ మాట.

మీకు గాంధీ ఆస్పత్రి దూరమేమీ కాదు, న్యూరాలజీ ఉన్న ఏ ఆస్పత్రైనా పరవాలేదు. స్కూటర్ మీద వెళ్లకండి. అక్కడి డాక్టర్ అవసరమనుకుంటే రక్తనాళాలతో కలిపి మెదడు ఎంఆర్ఐ, ఈసీజీ, గుండె లయ తప్పుతోందేమో చూసే హోల్టర్, రక్తపరీక్షలు చేయిస్తారు. మెడ నాళాల్లో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ ఒక్కటే చేయించి నార్మల్ అని ఊరుకోకండి, వెనుకవైపు నాళాలు అందులో సరిగా తెలియవు. పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడమని అడగండి. నిలబడిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 పడితే మందులు సవరించాలి. ఈలోగా మళ్లీ వస్తే, మూతి వంకరపోయినా, కాలు చెయ్యి పట్టు తప్పినా, 108కి ఫోన్ చేయండి. ఎన్ని గంటలకు మొదలైందో చూసుకోండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు.

చూపు పోయింది ఒక కంటికా, రెండింటికా? మీరు రాయలేదు. అప్పుడు ఒక్కో కన్ను మూసి చూసుకుంటే తప్ప ఎవరికీ తెలియదు. రెండు కళ్లలోనూ ఒక పక్క చూపు పోతే ఆ పక్క కన్నే పోయిందనుకుంటారు. ఒక కంటికే తెర దించినట్టు అయితే మెడ ముందువైపు నాళాన్ని అనుమానిస్తాం. బరువు ఎక్కువగా ఉన్న యువతులకు వంగినప్పుడు కొన్ని క్షణాలు చూపు నల్లబడి, చెవిలో నాడితో పాటు హోరు వినిపిస్తే అది వేరే కథ. వారు ముందు కంటి నరం పరీక్ష చేయించుకోవాలి.

మీరు అడిగిన కళ్లజోడు సంగతి. నంబరు మారితే రోజంతా మసకగా ఉంటుంది, ఐదు నిమిషాలు పోయి తిరిగి రాదు. చెవి జబ్బులో తూలు, హోరు ఉంటాయి, చూపు చీకటి కావడం మామూలుగా ఉండదు. ఆ ఇద్దరు డాక్టర్ల దగ్గరకు తర్వాత వెళ్లవచ్చు.

ఆ రేకు ముక్కలన్నీ కవర్లో వేసుకోండి. మీ శ్రీమతిని తప్పక వెంట తీసుకెళ్లండి. మాట తడబడడం విన్నది ఆవిడ. డాక్టర్ అడిగితే మీరు ‘అబ్బే, ఏమీ లేదండి’ అంటారని నా అనుమానం.