రష్యన్ రివర్‌లో సాకై సాల్మన్ గాలానికి పడాలంటే

ప్రశ్న: జులైలో పిల్లలతో అలాస్కాలోని రష్యన్ రివర్ క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్తున్నాం. సాకై సాల్మన్ ఎర ముట్టదంటున్నారు. మరి గాలానికి ఎలా పడుతుంది?

జవాబు: నిజమే, సముద్రం నుంచి నదిలోకి ఎక్కాక సాకై మేత దాదాపు మానేస్తుంది. కాబట్టి అది ఎర కోసం రాదు, మీరే దారాన్ని దాని దారిలోకి పంపాలి. ఎదురీదుతున్న చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. నీటికి అడ్డంగా కొట్టుకొచ్చే దారం ఆ నోట్లోంచి జారుతుంది, చివరనున్న కొక్కెం దవడకు తగులుకుంటుంది.

ఇక్కడ ఎర లేని, ఒకే కొక్కెమున్న ఫ్లై (ఈకలో నూలో చుట్టిన కొక్కెం) ఒక్కటే కట్టాలి. కొక్కెం మొనకూ కాడకూ మధ్య ఎడం 3/8 అంగుళం దాటకూడదు. దారాన్ని అడుగుకు దించే సీసపు గుండ్లు ఫ్లైకి కనీసం 18 అంగుళాల పైన ఉండాలి.

కాస్త ఎగువకు విసరండి. గుండు అడుగున రాళ్ళను టక్... టక్... మని తాకుతూ దిగువకు రావాలి, ఆ తాకిడి రాడ్ పట్టిన చేతికి తెలుస్తుంది. అసలు తాకకపోతే ఒక గుండు చేర్చండి, మాటిమాటికీ ఇరుక్కుంటే ఒకటి తీసేయండి. చేప పడకపోతే ముందుగా చూడాల్సింది ఈ బరువే. రెండో పొరపాటు నడుం లోతుకు దిగడం. సాకై ఒడ్డు వెంబడే పైకి పోతుంది. లోపలికి దిగారంటే దాని దారిలోనే నిలబడ్డట్టు, మంద చెదిరిపోతుంది.

తోకకో వీపుకో తగిలిన చేపను వెంటనే వదిలేయాలి, అది చట్టం. దాన్ని నీళ్ళలోంచి పైకెత్తవద్దు. అప్పుడప్పుడు కొక్కెం ఊడి సీసం రివ్వున ముఖం మీదికి వస్తుంది. పిల్లలకు కూడా కళ్ళద్దాలు తప్పనిసరి.

16 ఏళ్ళు నిండిన పర్యాటకులకు లైసెన్సు ఉండాలి. రోజుకు ఎన్ని చేపలన్నది సీజన్ మధ్యలోనూ మారుతుంది, బయల్దేరే రోజు రాష్ట్ర మత్స్యశాఖ ప్రకటన చూసుకోండి.

ప్రశ్న: పట్టిన చేపను గుడారంలో పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దే వద్దు. ఇది గోధుమ ఎలుగుబంట్లు తిరిగే నది. నది దగ్గర ఉన్నంతసేపూ చేపా, తిండి సంచీ చేతికందే దూరంలో ఉండాలి, ఒడ్డున వదిలేసి పది అడుగులు కూడా పోవద్దు. పట్టగానే మొప్పలు కోసి రక్తం పోనిస్తే మాంసం త్వరగా చెడదు. ముల్లునూ తలనూ చిన్న ముక్కలుగా నరికి, నీరు వడిగా పారేచోట విసరండి. పెద్ద ముక్కలైతే ఒడ్డుకు చేరి ఎలుగుబంటిని పిలుస్తాయి. చేప తగిలిన బట్టలతో పడుకోవద్దు.

బేర్ స్ప్రేను (ఎలుగుబంటిని తరిమే కారపు స్ప్రే), స్టవ్ గ్యాస్ డబ్బాను విమానంలో ఏ సామానులోనూ అనుమతించరు. రెండూ అలాస్కాలోని ఆంకరేజ్ నగరంలో దిగాకే కొనుక్కోండి.