ఈసీ షెడ్డులో అతినీలలోహిత దీపాలు: లోపం ఎక్కడ?

ఈసీ షెడ్డులో, అంటే గాలిని, వేడిని అదుపులో ఉంచే మూసిన కోళ్ల షెడ్డులో, లోపలికి వచ్చే గాలిని చల్లబరిచే కూలింగ్ ప్యాడ్ల వెనుక అతినీలలోహిత దీపాలు బిగించినా బ్రాయిలర్లలో శ్వాసకోశ జబ్బులు తగ్గలేదని మీరు రాశారు. దీపాలు ఆర్పి, చల్లారాక గాజు గొట్టం మీద వేలితో గీసి చూడండి. చార పడితే మొదటి లోపం అదే, ఎందుకంటే క్రిములను చంపే 254 నానోమీటర్ల కిరణాలను దుమ్ము పొర అడ్డుకుంటుంది. స్పిరిట్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి. ఇక గాలి వేగం సంగతి: సెకనుకు 2 మీటర్ల వేగంతో వచ్చే గాలి మీటరు మేర వెలుగులో అర సెకనే ఉంటుంది కనుక, దీపాల వరుసలు పెంచి, ఫ్యాన్లకు గాలి తగ్గకుండా చూసుకుంటూ దీపాల ముందు దుమ్ము ఆపే ఫిల్టరు అమర్చాలి. షెడ్డు లోపల కోడి నుంచి కోడికి పాకే జబ్బును, బూట్లతో వచ్చే క్రిములను ఈ దీపాలు ఆపలేవు. అవి వెలుగుతుండగా పనివాళ్లను దగ్గరికి పంపకండి; కళ్లు, చర్మం కాలతాయి.