అమెరికా ఎక్స్‌చేంజ్ ఏడాదికి సుకన్య డబ్బు తీయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ జూన్‌లో పదో తరగతిలో చేరింది. వచ్చే ఆగస్టు నుంచి పది నెలలు అమెరికాలో హోస్ట్ ఫ్యామిలీ దగ్గర ఉంటూ, అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో చదివే ఎక్స్‌చేంజ్ ప్రోగ్రామ్‌కు వెళ్తానంటోంది. జె-1 వీసా అని చెప్పారు. విమాన టికెట్‌తో కలిపి 9 లక్షలు, రెండు విడతల్లో కట్టాలి. నాకు జీతం చేతికి 1,10,000 వస్తుంది. ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 65,000, మ్యూచువల్ ఫండ్ సిప్‌లకు 15,000 పోతాయి. ఎఫ్‌డీ 6 లక్షలు, పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతాలో 9 లక్షలు ఉన్నాయి. ఇక్కడ స్కూలు ఫీజుకు పక్కన పెట్టిన డబ్బు ఏడాదికి 1,60,000. సుకన్య తీయాలా, ఎడ్యుకేషన్ లోన్ తీసుకోవాలా? నెలనెలా ఎంత పంపాలి?

జవాబు: లోన్ మాత్రం వద్దండీ. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుంది కదా అనుకుంటారు చాలామంది. అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అదీ ప్లస్ టూ తర్వాతి చదువులకే. స్కూలు దశలో వెళ్లే ఎక్స్‌చేంజ్‌కు వర్తించదు. పైగా ఎక్స్‌చేంజ్ ఏడాది చివర చేతికి డిగ్రీ రాదు, ఉద్యోగమూ రాదు. ఇప్పటి నుంచి నాలుగేళ్లు తిరిగేసరికి ఇంజనీరింగో మరొకటో వస్తుంది. మీకు అప్పు అవసరమయ్యేది అప్పుడు.

ఇక ఆ 9 లక్షలు దేనికో విడివిడిగా రాసిమ్మని అడగండి. స్కూలు విద్యార్థుల జె-1 ప్రోగ్రామ్‌లో హోస్ట్ ఫ్యామిలీకి డబ్బు చెల్లించరు. వాళ్లు ఇష్టపడి పిల్లల్ని ఇంట్లో పెట్టుకుంటారు. ప్రభుత్వ స్కూళ్లు కూడా ఈ పిల్లల దగ్గర సాధారణంగా ట్యూషన్ ఫీజు తీసుకోవు. అంటే మీరు కట్టేది ఎంపికకు, ఇల్లూ స్కూలూ వెతికిపెట్టినందుకు, స్థానిక కోఆర్డినేటర్‌కు, ఇన్సూరెన్స్‌కు, టికెట్‌కు. లెక్కలో ‘హోస్ట్ ఫ్యామిలీ నెలవారీ చెల్లింపు’ అని కనిపిస్తే, వాళ్లు చెబుతున్నది జె-1 కాక ఎఫ్-1, అంటే మామూలు స్టూడెంట్ వీసా ప్రోగ్రామ్ కావచ్చు. దాని నిబంధనలు వేరు. ఎఫ్-1 మీద ప్రభుత్వ హైస్కూల్లో చదివితే ఆ స్కూలుకు ఒక్కో విద్యార్థి మీద అయ్యే పూర్తి ఖర్చు మీరే కట్టాలి, అదీ 12 నెలలకు మించి కుదరదు. వీసా సంగతి తేలాకే మిగతా లెక్క.

మీ మొదటి లెక్కలో రానివి ఇంకా ఉన్నాయి. వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 220 డాలర్లు. డాలరు 90 రూపాయలు అనుకుంటే ఈ రెండే 36,000 దాటతాయి. అక్కడికి వెళ్లాక ఇంట్లో భోజనం హోస్ట్ ఫ్యామిలీదే. స్కూల్లో మధ్యాహ్నం మాటేమిటి? ఇంటి నుంచి బాక్సు కట్టుకుని వెళ్తే ఖర్చు లేదు, క్యాంటీన్‌లో కొనుక్కుంటే తన డబ్బే. ప్రతి ఇంట్లో ఒకేలా ఉండదు కాబట్టి, కుటుంబం ఖరారైన రోజునే అమ్మాయి చేత ఈ ప్రశ్న అడిగించండి. ఫోన్, సబ్బూ షాంపూ, స్కూల్ టీమ్‌లో చేరితే ఫీజు, బూట్లు, చలికోటు, హోస్ట్ ఫ్యామిలీతో సినిమాకు వెళ్తే తన టికెట్, ఇవన్నీ పాకెట్ మనీలోంచే. నెలకు 200 నుంచి 300 డాలర్లు పెట్టుకోండి. మొదటి నెలలోనూ, ప్రామ్ (స్కూల్ డాన్స్ పార్టీ), ఇయర్‌బుక్ (ఆ ఏడాది ఫొటోల పుస్తకం) లాంటివి వచ్చే చివరి రెండు నెలల్లోనూ ఎక్కువవుతుంది. ఈ వీసా మీద పార్ట్‌టైమ్ ఉద్యోగం కుదరదు. ఎప్పుడైనా ఒకసారి పిల్లల్ని చూసుకోవడం, పెరట్లో గడ్డి కోయడం వరకే. ‘నేనే సంపాదించుకుంటా నాన్నా’ అంటే ఆ లెక్క నమ్ముకోవద్దు.

నెలకు 250 చొప్పున పది నెలలకు 2,500 డాలర్లు, అంటే 2,25,000 రూపాయలు. ఆ ఏడాది ఇక్కడ కట్టక్కర్లేని స్కూలు ఫీజు, తన బట్టలు, ఆటో ఖర్చులు కలిస్తే ఇది దాదాపు సర్దుకుంటుంది. అసలు లోటు ప్రోగ్రామ్ ఫీజు దగ్గరే. మీ దగ్గర నెలకు 30,000 మిగులుతోంది. 14 నెలలకు 4,20,000. ఎఫ్‌డీలో ఆరు నెలల ఇంటి ఖర్చుకు 3,90,000 కదపకుండా ఉంచితే, వాడుకోగలిగింది 2,10,000. మొత్తం 6,30,000. వీసా ఖర్చులతో కలిపి కావలసింది 9,36,000. మూడు లక్షలు తక్కువ. డాలరు పెరిగితే ఇంకొంచెం.

ఆ మూడు లక్షలకు మొదట రోటరీ యూత్ ఎక్స్‌చేంజ్ తలుపు తట్టి చూడండి. 15 నుంచి 19 ఏళ్ల వాళ్లకు అది ఉంది. అక్కడి రోటరీ క్లబ్బులే బస, భోజనం, స్కూలు చూస్తాయి. టికెట్, వీసా, ఇన్సూరెన్స్ లాంటివి తల్లిదండ్రులవి. ఫలానా దేశమే అని పట్టుబట్టకపోతే అవకాశాలు ఎక్కువ. మీ దగ్గరి క్లబ్బులో ఇప్పుడే అడగాలి, ఎంపికలు చాలా ముందుగా జరుగుతాయి.

అది కుదరకపోతేనే సుకన్య. పదో తరగతి పాసయ్యాక, లేదా 18 నిండాక, గత ఆర్థిక సంవత్సరం చివరి నిల్వలో సగం వరకు చదువు కోసం తీసుకోవచ్చు. కానీ సీటు ఖరారైన పత్రమో ఫీజు రసీదో చూపాలి. ఎక్స్‌చేంజ్ ప్రోగ్రామ్ ఇచ్చే ఉత్తరం సరిపోతుందా అని మీ పోస్టాఫీసు లేదా బ్యాంకులో ముందే అడగండి. పది ఫలితాలు వచ్చేదాకా ఆ డబ్బు కదలదు కాబట్టి మొదటి విడతకు అది పనికిరాదు. మీ ఖాతా మెచ్యూరిటీకి ఇంకా పదేళ్లుందనుకుంటే, ఇప్పుడు తీసే 3 లక్షలు 8 శాతం వడ్డీ లెక్కన అప్పటికి 6 లక్షలు దాటేవి, పన్ను లేకుండా. అది తెలిసి తీస్తే నాకు అభ్యంతరం లేదు. మూడు దాటి మాత్రం తీయకండి.

ఇన్సూరెన్స్ విషయంలో జె-1 నిబంధన ప్రకారం ఒక్కో జబ్బు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి, మన చేతి నుంచి కట్టే డిడక్టబుల్ 500 డాలర్లు మించకూడదు. పళ్లు, కళ్లద్దాలు చాలా పాలసీల్లో ఉండవు. బయల్దేరే ముందే డెంటిస్టుకు చూపించి, అద్దాలుంటే ఇంకో జత చేయించి సూట్‌కేసులో పెట్టండి.

డబ్బు విదేశాలకు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్ అంటే టెన్షన్ పడనక్కర్లేదు. ఒక పాన్ మీద ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితేనే పడుతుంది. మీ మొదటి విడత మార్చిలోపు, రెండోది ఏప్రిల్ తర్వాత పడేలా చూసుకుంటే ఏ ఏడాదీ ఆ గీత దాటరు. దాటినా రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది.

తిరిగొచ్చాక ఏ తరగతిలో చేరాలన్నది డబ్బు ప్రశ్న కూడా. అక్కడ పది నెలలు చదివినంత మాత్రాన ఇక్కడ నేరుగా ప్లస్ టూ రెండో ఏడాదిలో కూర్చోబెడతారని అనుకోవద్దు. చాలామంది మొదటి ఏడాది నుంచే మొదలుపెడతారు. అంటే మీ సంపాదనలోంచి ఒక ఏడాది ఎక్కువ చదివిస్తారు, మీ రిటైర్మెంట్‌కు ముందు ఒక ఏడాది తక్కువ దాస్తారు. ఏడాది పోతుందని పిల్లకు కూడా చెప్పండి. తర్వాత ఆ మాట మీద అలకలు రాకుండా.

మొదటి విడత కట్టకముందు రీఫండ్ నిబంధన చదవండి. వీసా రాకపోతే ఎంత వెనక్కి ఇస్తారు, హోస్ట్ ఫ్యామిలీ దొరక్కపోతే ఎంత, పాప మధ్యలో వచ్చేస్తే ఎంత? మూడింటికీ మూడు అంకెలు రాతలో ఉండాలి. మధ్యలో వచ్చే టికెట్ ఎవరు కొనాలో కూడా. పాకెట్ మనీని మాత్రం హోస్ట్ తల్లిదండ్రుల ఖాతాకు పంపకండి, వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే. అమ్మాయి వాడే కార్డులోకే నెలకోసారి వేయండి. దుకాణంలో మెషీన్ ‘రూపాయల్లో కట్టాలా, డాలర్లలోనా’ అని అడిగితే డాలర్లే నొక్కమని చెప్పి పంపండి.