అమ్మ ‘నీ ఇష్టం’ అంది... వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. రెండో ఏడాదిలో ఉన్నాను. ఎక్స్ఛేంజ్ కింద జర్మనీలో ఒక సెమిస్టర్ చదివే అవకాశం వచ్చింది. నాన్న పోయి రెండేళ్లయింది. ఇంట్లో అమ్మా నేనే. వేరే ఊళ్లో ఉద్యోగం చేసే అన్నయ్య ‘పుస్తకాలు ఎక్కడైనా అవే, అంత దూరం దేనికి?’ అంటున్నాడు. అమ్మేమో ‘నీ ఇష్టం’ అంటోంది. మొన్న తనే సూట్‌కేసు దించి, దుమ్ము తుడిచి, ఏమీ మాట్లాడకుండా గదిలోకి వెళ్లిపోయింది. పది రోజుల్లో నా నిర్ణయం చెప్పాలి. ఏం చేయను?

జవాబు: ఆ సూట్‌కేసు దగ్గరే ఆగిపోయానమ్మా. మిమ్మల్ని ఆపాలనుకుంటే ఆమె దాన్ని దించేవారు కాదు. దిగులు లేకపోతే మౌనంగా లోపలికి వెళ్లేవారూ కాదు. ‘నీ ఇష్టం’లో ఒప్పుకోలు ఎంత, బాధ ఎంత అని ఊహించుకుంటూ కూర్చుంటే ఈ పది రోజులూ ఇట్టే గడిచిపోతాయి. నేరుగా అడగండి. ‘వెళ్లనా, వద్దా’ అంటే మళ్లీ అదే జవాబొస్తుంది. ‘నేను లేనప్పుడు నీకు ఏది కష్టమవుతుంది?’ అనండి. రాత్రిళ్లు ఒంటరిగా ఉండటమా, ఆస్పత్రికి తోడు లేకపోవడమా, బ్యాంకు పనులా? అదేమిటో తెలిస్తే దారి వెతకొచ్చు. అందులో కొన్ని మీ అన్నయ్య చూసుకోవాల్సినవి. మీరున్నారన్న ధీమాతో ఆయన ఇన్నాళ్లూ వాటి జోలికి వచ్చి ఉండరు. నెలకోసారి వచ్చి రెండ్రోజులుంటానని ఆయన నోటితోనే అమ్మకు చెప్పించండి.

పుస్తకాలు ఎక్కడైనా అవేనన్న మాట మాత్రం నేనొప్పుకోను. జర్మనీ పార్లమెంటు బుందెస్టాగ్ అవిశ్వాసంతో ఛాన్సలర్‌ను, అంటే ప్రభుత్వాధినేతను, దించాలంటే ఆ స్థానంలోకి మరొకరిని ఎన్నుకోవాల్సిందే. 1982లో హెల్ముట్ ష్మిట్‌ను దించి హెల్ముట్ కోల్‌ను తెచ్చింది ఈ పద్ధతిలోనే. అది ఫలించింది కూడా ఆ ఒక్కసారే. ఇంతవరకూ పుస్తకంలో దొరుకుతుంది. ముందుగా పేరు నమోదు చేసుకుని బుందెస్టాగ్ గ్యాలరీలో కూర్చుని, సంకీర్ణంలోని పార్టీలు ఒకరినొకరు కాచుకుంటూ మాట్లాడటం చూస్తే తెలిసేది వేరు. సెమినార్‌లో ఎవరో మీ దేశపు ఎన్నికల గురించి చిన్న ప్రశ్న వేస్తారు. తెలుసనుకున్నదంతా మొదటినుంచీ విడమరిచి చెప్పాల్సి వస్తుంది. రాజనీతి చదివేవాళ్లకు అంతకంటే మంచి పరీక్ష నాకు తోచడం లేదు.

క్రెడిట్ల విషయంలో మాత్రం జాగ్రత్త. అక్కడ సెమిస్టర్‌కు మామూలుగా 30 ఈసీటీఎస్ (యూరప్ యూనివర్సిటీల ఉమ్మడి లెక్క) క్రెడిట్లు. వాటిలో ఎన్నింటిని మీ యూనివర్సిటీ లెక్కలోకి తీసుకుంటుందో బయల్దేరకముందే రాతపూర్వకంగా తీసుకోండి. డిసర్టేషన్ గైడ్‌తోనూ మాట్లాడండి. ఎక్స్ఛేంజ్‌లో ట్యూషన్ ఫీజు సాధారణంగా సొంత యూనివర్సిటీకే కడతారు. అద్దె, తిండి, ఆరోగ్య బీమా ఖర్చులు మీవే.

నా మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను, వెళ్లండి. శీతాకాలపు సెమిస్టర్ అక్టోబరు నుంచి మార్చి దాకా అంటారు గానీ, పాఠాలు ఫిబ్రవరి మధ్యకల్లా అయిపోతాయి. ఈ రాత్రి క్యాలెండర్ తీసుకుని అమ్మ పక్కన కూర్చుని ఆ నెలలు చూపించండి. తర్వాత, సూట్‌కేసులో ముందు ఏం సర్దుకోవాలో ఆమెనే అడగండి.