ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్లు టైం ఎలా సర్దుకోవాలి?

ఇల్లు గుంటూరులో, ఉద్యోగం విజయవాడలో, చదువు ఇగ్నోలో. టైం టేబుల్ వేసుకున్న మూడో రోజుకే అది పక్కకు పోతోందని రాశారు. నేనూ బీకాం ఇలాగే చదివాను. అప్పట్లో మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో పద్దులు రాసేవాణ్ణి.

ముందు ఒక లెక్క చూడండి. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 4 క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. ఆరు నెలల్లో పూర్తి చేయాలంటే ఆ ఒక్క పేపరుకే వారానికి 5 గంటలు పడుతుంది. అలాంటివి నాలుగుంటే 20 గంటలు. ఈ లెక్క వేయకుండా రోజుకో గంట అని గీసుకున్న టైం టేబుల్ నిలవదు. అన్ని గంటలు దొరకవనిపిస్తే ఈసారి రెండు పేపర్లే రాయండి. మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువుంది, అందులో నామోషీ ఏమీ లేదు.

నేను దెబ్బతిన్నది అసైన్‌మెంట్ల దగ్గర. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డులో ఊపిరాడని సీజన్. మే నెలలో వేసవి సెలవులిస్తారు కదా, అప్పుడు కూర్చుని అన్నీ రాసేద్దామనుకున్నాను. గడువేమో సీజన్ మధ్యలోనే దాటిపోయింది. జూన్ పరీక్షలు పోయాయి, డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఆరు నెలలూ చాలా బాధపడ్డాను. అసైన్‌మెంట్లకు ఉండేది 30 శాతమే అయినా, వాటిలోనూ పరీక్షలోనూ విడివిడిగా పాస్ కావాలి. అందుకే వాటిని ముందు పెట్టుకోండి. జవాబు సొంతంగా రాస్తే పరీక్షకు సగం చదివినట్టే.

తర్వాత నన్ను నిలబెట్టింది ఒక చిన్న అలవాటు. కొట్టు నుంచి వచ్చి అన్నం తిన్నాక, ఏ పుస్తకం తీయాలా అని చూస్తూనే అరగంట పోయేది, ఆపైన నిద్ర ముంచుకొచ్చేది. అందుకని పడుకునే ముందు చీటీ మీద మర్నాటి పని ఒక్కటే రాసిపెట్టుకోవడం మొదలుపెట్టాను. ‘అకౌంట్స్ చదవాలి’ అని రాస్తే పనిచేయదు. ‘అకౌంట్స్, మూడో యూనిట్, రెండో లెక్క’ అని రాయాలి. తెల్లారి 5 గంటలకు లేచి చీటీ చూసి నేరుగా ఆ పేజీ తీసేవాణ్ణి. వేసవిలో మన ఊళ్లో బుర్ర చల్లగా పనిచేసేదీ ఆ వేళలోనే.

మీకు రైలు ప్రయాణం ఉంది కాబట్టి రాసే పని దానికి పెట్టుకోకండి, ఒక్కోరోజు నిలబడడానికే చోటుండదు. నంబూరు దాటేలోపు, నిన్న చదివిందాంట్లో ఏం గుర్తుందో పుస్తకం తీయకుండా మనసులో చెప్పుకోండి. గుర్తురానివి మంగళగిరి వచ్చేలోపు ఫోన్‌లో తీసి చూసుకోండి.

ఇంట్లో కూడా చెప్పాలి. కాలేజీకి వెళ్లని వాళ్లం ఖాళీగా ఉన్నామనే అనుకుంటారు. ఆదివారం పొద్దున 6 నుంచి 10 దాకా పిలవొద్దని మా అమ్మకు చెప్పాను. మొదట్లో చుట్టాలొస్తే ఇబ్బంది పడింది, తర్వాత తనే వాళ్లకు సర్దిచెప్పేది.

ఈ రాత్రి అసైన్‌మెంట్ ప్రశ్నలు డౌన్‌లోడ్ చేసుకుని, గడువు తేదీని గోడ క్యాలెండర్ మీద రాయండి. మీవి ఏ పేపర్లో చెప్పండి, బీకాం అయితే ఏది ముందు మొదలుపెట్టాలో నాకు తెలిసినంత చెబుతాను.