కడుపు క్యాన్సర్ ఆపరేషన్‌కి ముందు ఇంట్లో ఏం చేయాలి?

నాన్నగారికి కడుపులో క్యాన్సర్ అనీ, కీమో అయ్యాక ఆపరేషన్ చేస్తామన్నారనీ, అప్పటిదాకా రెస్ట్ ఇస్తే చాలా అనీ అడిగారు. చాలదండి. మా మామగారికి ఇదే జబ్బు, ఇదే వరుసలో వైద్యం జరిగింది. నేను డాక్టర్ని కాను. కానీ ఆయన వంట, మందులు, హాస్పిటల్ ఫైలు అన్నీ నేనే చూసుకున్నాను.

ఆయనకు ఇచ్చిన కీమో పేరు ఫ్లాట్ (FLOT), నాలుగు మందులు కలిపి ఇచ్చేది. రెండు వారాలకొకటి చొప్పున ఆపరేషన్‌కి ముందు నాలుగు, తర్వాత నాలుగు. ముందు నాలుగూ అయ్యాక ఒళ్లు తేరుకోవడానికి ఇంకొన్ని వారాలు ఆగుతారు. అంటే దాదాపు మూడు నెలలు చేతిలో ఉంటాయి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బరువు. ఆర్నెల్లలో ఒంటి బరువులో పదో వంతుకు మించి తగ్గితే డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు. అవసరమైతే ఆపరేషన్ ఒకటి రెండు వారాలు వాయిదా వేసి మరీ పోషణ ఇస్తారు. ఒంట్లో కండ లేకపోతే కుట్లు మానవు, ఇన్ఫెక్షన్లు తగులుకుంటాయి. జబ్బు మనిషికి మన ఇళ్లలో పెట్టేది జావ, ఇడ్లీ, చారన్నం. అరుగుతాయి నిజమే, కానీ ప్రొటీన్ ఏదీ? కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలంటారు. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములన్నమాట. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు, ఇడ్లీలో రెండు. ఇడ్లీలతోనే ఆ లెక్క పూర్తిచేయాలంటే పెళ్లి వంటవాణ్ణి పిలవాల్సిందే. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం లెక్క మారుతుంది, డైటీషియన్‌ని అడగండి.

జావ నీళ్లతో కాకుండా పాలతో కాచి, అందులో రెండు చెంచాల పాలపొడి కలిపేదాన్ని. ఉడికించిన గుడ్డు తెల్లసొన తురిమి ఉప్మాలో కలిపితే ఆయనకు తెలిసేది కాదు. పెసరపప్పు మెత్తగా ఉడికించి నెయ్యి వేసి పెట్టేదాన్ని, కారం తగ్గించి కొరమీను పులుసు చేసేదాన్ని. ఏదైనా చిన్న గిన్నెడే, రెండేసి గంటలకోసారి. ఆపరేషన్ తర్వాత ఎలాగూ ఇలాగే తినాలి కాబట్టి ముందే అలవాటైంది. ఆ కీమోలో ఒక మందు వల్ల చల్లటిది తాకితే చేతులు, గొంతు జివ్వుమంటాయి. అందుకని ఫ్రిజ్ మజ్జిగ బంద్, నీళ్లు కూడా గోరువెచ్చగానే.

తిన్నది తిన్నట్టు కక్కుతున్నా, వాంతిలో నిన్నటి అన్నం కనిపించినా బలవంతంగా పెట్టకండి. కడుపు కింది దారి మూసుకుపోతుండొచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపించండి. విరేచనం తారులా నల్లగా వచ్చినా అంతే.

ఇక నడక. "నీరసంతో ఉన్న మనిషిని నడిపిస్తావేంటమ్మా" అని మా అత్తయ్య రోజూ గొడవ. పొద్దున, సాయంత్రం ఇంటి ముందే నడిచేవారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం కూడా చేయించాం. జ్వరం ఉన్నా, కళ్లు తిరుగుతున్నా ఆ పూటకి వద్దు. రక్తం తక్కువగా ఉంటే ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తారు, అడగండి.

ఊపిరితిత్తుల కసరత్తుకి వాడే మూడు బంతుల స్పైరోమీటర్ మందుల షాపులో దొరుకుతుంది. ఊదడం కాదు, గాలి లోపలికి లాగాలి. మొదట్లో ఆయనకు ఒక్క బంతే లేచి టపీమని పడేది. ఆపరేషన్ అయ్యాక కడుపు నొప్పికి గట్టిగా ఊపిరి తీయరు, దగ్గలేరు. నిమోనియా వచ్చేది అందుకే. చుట్ట మాన్పించడమే అన్నిటికన్నా కష్టమైంది. కనీసం నాలుగు వారాల ముందు మానాలి. మావయ్యగారు మనవడి మాటకి లొంగారు, నా మాటకి కాదు.

షుగర్ కంట్రోల్‌లో ఉంచండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మత్తు డాక్టర్‌కి ముందే చెప్పండి, మీరే ఆపేయకండి. ముందు రోజంతా పస్తు పెట్టాలనుకుంటారు చాలామంది. దారి మూసుకుపోని వాళ్లకి మామూలుగా ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు వరకు తేలికపాటి టిఫిన్, రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు ఇవ్వనిస్తారు. మీ నాన్నగారి విషయంలో ఎంతసేపో మత్తు డాక్టర్నే అడగండి.

ఈసారి ఓపీకి వెళ్లినప్పుడు సర్జన్‌ని రెండు అడగండి: కడుపు మొత్తం తీస్తారా, కొంతేనా? పేగులోకి ఫీడింగ్ ట్యూబ్ వేస్తారా? మొత్తం తీస్తే బీ12 ఇంజెక్షన్లు జీవితాంతం వేయించుకోవాల్సి వస్తుంది. ట్యూబ్ వేస్తే అందులో ఫీడ్ ఎలా పోయాలో నర్సు దగ్గర మీరే నేర్చుకోవాలి.